లాయూన్‌లో ఎస్వాతినీకి ఏం పని?

ఆఫ్రికా వాయవ్య కొసన ఉన్న పశ్చిమ సహారాలో, అట్లాంటిక్ ఒడ్డుకు దగ్గర్లో లాయూన్ అని ఒక ఊరుంది. 2020 అక్టోబరులో అక్కడ ఎస్వాతినీ కాన్సులేట్ తెరిచింది. ఎస్వాతినీ అంటే మన పాత స్వాజీలాండే. ఖండానికి ఆ కొసన, దక్షిణాఫ్రికా, మొజాంబిక్ మధ్య ఇరుక్కున్న దేశం. మొత్తం జనాభా 12 లక్షలు. ఆ ఎడారిలో వీసా కోసమో పాస్‌పోర్టు కోసమో ఆ కాన్సులేట్ తలుపు తట్టే స్వాజీలు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి.

అసలు పని వేరే. 1975లో స్పెయిన్ సర్దుకుని వెళ్లిపోతుంటే మొరాకో ఆ నేల నాదే అంది. కాదు, మాది అంటూ అక్కడివాళ్ల స్వాతంత్ర్య పోరాట సంస్థ పొలిసారియో ఫ్రంట్ తుపాకీ పట్టింది. ఆ తగాదా ఇంకా తెగలేదు. అందుకే అక్కడ ఏ దేశం కాన్సులేట్ బోర్డు పెట్టినా, తగాదాలో ఉన్న పొలానికి పాసుపుస్తకం రాయించుకుంటున్నవాడి పక్కన సాక్షి సంతకం పెట్టినట్టే. తమాషా ఏంటంటే, ఇదే స్వాజీలాండ్ 1980లో పొలిసారియో ప్రకటించుకున్న దేశాన్ని గుర్తించింది. 1997లో ఆ గుర్తింపు వెనక్కి తీసుకుంది. ఆ దేశాన్ని ఆఫ్రికా ఐక్యతా సంస్థలో చేర్చుకున్నారని 1984లో అలిగి బయటికెళ్లిన మొరాకో, 2017లో ఆ సంస్థ స్థానంలో వచ్చిన ఆఫ్రికన్ యూనియన్‌లోకి తిరిగొచ్చింది. అప్పటినుంచి సాక్షుల్ని పోగేసే పని జోరందుకుంది.

బదులుగా మొరాకో నుంచి స్కాలర్‌షిప్పులు, శిక్షణలు, 'రెండు సోదర రాజ్యాల సహకారం' అంటూ ప్రకటనలు. ఎస్వాతినీలోని మంజినీ పట్నంలో ఉన్న ఒక పేదింటి పిల్లాడికి మొరాకో రాజధాని రబాత్‌లో ఉచితంగా ఇంజినీరింగ్ సీటు దొరికితే నేను ఏడవను. దొరకాలి కూడా. కానీ ఆ సీటుకు బదులు ఏం ఇచ్చారో ఆ పిల్లాడి తల్లిదండ్రులను ఎవరైనా అడిగారా? ఎలా అడుగుతారు? 1973లో సొబూజా రాజు రాజ్యాంగాన్ని రద్దు చేసి పార్టీలను నిషేధించాడు. ఆయన కొడుకు మూడో మ్స్వాతి హయాంలో ఇవాళ్టికీ పార్టీ పేరుతో ఎన్నికల్లో నిలబడే వీల్లేదు. 2021లో ప్రజాస్వామ్యం కావాలని వీధికెక్కితే పదుల సంఖ్యలో జనం చచ్చిపోయారు. సంతకం రాజుగారిది, పొలం ఇంకెవరిదో, ఊరు పేరు మాత్రం 12 లక్షల మందిది.

ఇది ఒక్క మొరాకోతో బేరం కాదు లెండి. 2018లో బుర్కినా ఫాసో కూడా చేయి వదిలేశాక, ఆఫ్రికాలో తైవాన్‌తో దౌత్య సంబంధాలున్న దేశం ఎస్వాతినీ ఒక్కటే మిగిలింది. అక్కడా ఇదే లెక్క: మీకు గుర్తింపు, మాకు సాయం. చిన్న దేశం దగ్గర అమ్ముకోడానికి ఇంకేముంది, చక్కెర తప్ప, అని మీరు అనొచ్చు. నిజమే, ఆ మాటకి నా దగ్గర గట్టి జవాబు లేదు.

అటు మొరాకోలో? 2025 సెప్టెంబరులో కుర్రాళ్లు ఊరూరా రోడ్లమీదికొచ్చి, 2030 ప్రపంచకప్‌కి స్టేడియాలు కడుతున్నారు సరే, మా ఆసుపత్రులేవి, మా బడులేవి అని నిలదీశారు. సొమ్మొకడిది సోకొకడిది అని మనం ఊరికే అన్లేదు.

"ఎక్కడో ఆఫ్రికా గొడవ మనకెందుకు" అని కామెంట్ పెట్టబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. మన డీఏపీ లాంటి ఎరువులకు ముడిసరుకు ఫాస్ఫేట్. ప్రపంచంలోని ఫాస్ఫేట్ నిల్వల్లో 70 శాతం దాకా మొరాకో చేతిలోనే ఉన్నాయి. లాయూన్ నుంచి ఎడారి లోపలికి వెళ్తే బూక్రా అనే ఫాస్ఫేట్ గని ఉంది. అక్కణ్ణుంచి సముద్రం దాకా దాదాపు 100 కిలోమీటర్ల కన్వేయర్ బెల్ట్ ఉంది. మన దేశం మొరాకో ఫాస్ఫేట్‌కి పెద్ద కొనుగోలుదారు. పొలిసారియో దేశాన్ని మనం 1985లో గుర్తించాం, 2000లో ఉపసంహరించుకున్నాం. కారణాలు ఏవైనా, ఆ గోడ మీద పిల్లివాటం స్వాజీలొక్కరిదే కాదన్నమాట. మొన్న ఖరీఫ్‌లో మా నాన్న ఆధార్ కార్డు పట్టుకుని డీఏపీ కట్ట కోసం పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం దాకా క్యూలో నిలబడ్డాడు. రెండు అడిగితే ఒకటిచ్చారు.