ఇస్త్రీ బండి సాక్షిగా

(హైదరాబాద్, చైతన్యపురి. మెట్రో స్టేషన్‌కి నడిచి ఏడు నిమిషాలు, మూర్తిగారి నడకకైతే పన్నెండు. కింద వాటా మూర్తి, జానకిలది. పై వాటా అమెరికాలో ఉన్న తమ్ముడిది. ప్రస్తుతం అందులో ఆవకాయ జాడీలూ పాత పరుపులూ కాపురముంటున్నాయి. వచ్చే నెల కొడుకూ కోడలూ అక్కడ దిగుతున్నారు. డైనింగ్ టేబుల్ మీద తెల్ల కాగితాలు, స్కేలు, చిక్కుడుకాయలు.)

జానకి: ఏమండీ, ఆ స్కేలు పక్కన పెట్టి ఈ కాయలకి ఈనెలు తీయండి.

మూర్తి: తమ్ముడు స్టాండలోన్ మార్కెట్ రెంట్ రిపోర్ట్ అడిగాడే. రాస్తున్నాను.

జానకి: ఏ లోనూ వద్దు. పాతది మొన్ననే తీరింది.

మూర్తి: లోను కాదు! ఇంటి ధర అక్కర్లేదు, అద్దె ఒక్కటీ విడిగా తేల్చమన్నాడు. ఇవాళ ఖాళీగా ఉంటే బయటివాడు ఎంతకి దిగుతాడో అదీ మార్కెట్ రెంట్.

జానకి: మన చంటిగాడు బయటివాడా?

మూర్తి: లెక్కలో బయటివాడే. వాడు ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ, అదే ఇంటద్దె భత్యం, చూపించుకుంటాడు. ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ నంబరు ఇవ్వాలి. చిన్నాన్నకి నోటికొచ్చినంత ఇచ్చాడనే మాట రాకుండా చేతిలో కాగితం ఉండాలి. పైగా యజమాని ఎన్నారై. అద్దె ఎంతైనా సరే, చంటి 30 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. సెస్‌తో కలిపి 31.2.

జానకి: (ముఖం విప్పారి) అంటే మూడో వంతు వాడికే మిగులుతుందా?

మూర్తి: వాడికి కాదే, ప్రభుత్వానికి! టీడీఎస్ అంటే అద్దెలోంచి ముందే కోసి కట్టే పన్ను.

జానకి: (ముఖం ముడుచుకుని) అయితే మునిసిపాలిటీ వాళ్లు ఇంటి పన్ను కోసం చదరపు అడుగుకి ఇంత అని నెలసరి అద్దె కడతారుగా. అదే వేసేయండి.

మూర్తి: అది పన్నుకి. ఆ రేటుకి ఈ బజార్లో పశువుల పాక కూడా రాదు. విను. మన పై వాటా 1,100 అడుగులు, రెండు పడగ్గదులు. దీన్ని పోలిన ఇళ్లు మూడు పట్టాను. అద్దెలు 24, 22, 23 వేలు.

జానకి: ఎవరు చెప్పారు?

మూర్తి: రెండు గేటు మీద బోర్డులు చూసి ఫోన్ చేశాను. ఒకటి లోపలికెళ్లి చూశాను.

జానకి: అద్దెకొచ్చేవాడిలా వెళ్లారా? ఈ వయసులో?

మూర్తి: ఎంతమంది, నాన్‌వెజ్ తింటారా, కుక్క ఉందా అని ఆ ఇంటావిడ అడిగింది. తర్వాత గొంతు తగ్గించి, "ఇంట్లో గొడవపడి వచ్చేశారా సార్" అంది.

జానకి: ఏం చెప్పారు?

మూర్తి: ఇంకా రాలేదన్నాను.

(జానకి చిక్కుడుకాయని అవసరానికి మించి గట్టిగా విరిచింది.)

జానకి: ఆ 24 వేల బోర్డు ఉగాది నుంచి వేలాడుతోంది. వాళ్లడిగేది మార్కెట్టా, ఎవరైనా ఇచ్చేది మార్కెట్టా? ఆ 23 వేలది గుట్టుగా 19కి కుదిరింది. ఆషాఢం వస్తే ఎవరూ ఇల్లు మారరని భయపడి తగ్గించారు.

మూర్తి: నీకెలా తెలుసు?

జానకి: ఇస్త్రీ బండి. కొత్తగా ఎవరు దిగారో, ఎంతకి దిగారో వాడికి తెలియంది లేదు. రాసుకోండి. మన వీధిలో నాలుగో ఇల్లు, మొదటి అంతస్తు, మన కొలతే, 17 వేలు. వెనక వీధిలో లిఫ్టూ జనరేటరూ ఉన్న అపార్ట్‌మెంట్, 20. ఇందాకటి 19ది.

మూర్తి: (గొణుగుతూ కొట్టేసి) సరే, సర్దుబాట్లు. నాలుగో ఇంట్లో కారు పెట్టుకునే చోటు లేదు, మనకుంది. 1,500 తీసేశాను. పదిహేనున్నర.

జానకి: నా చీరకి జరీ అంచుంది, మీ వదిన చీరకి లేదు. ఆవిడది తొమ్మిదొందలైతే నాది ఎనిమిదొందలా?

మూర్తి: వెయ్యి.

జానకి: మరి?

(ఇక్కడ మూర్తిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మనకున్నది ఎదుటివాడికి లేకపోతే, అది కూడా ఉంటే వాడికెంత వచ్చేదో కలిపి చూడాలి. వాడికి ఎక్కువ ఉంటే తీసేయాలి. బ్యాంకులో ముప్పై ఏళ్లు లెక్కలు చూసినాయన ఇది చీర మీద నేర్చుకున్నారు.)

మూర్తి: 17కి 1,500 కలిపితే పద్దెనిమిదిన్నర. లిఫ్టుకి వెయ్యి, జనరేటరుకి వెయ్యి తీస్తే అది 18. మూడోదాంట్లో మాడ్యులర్ కిచెన్ ఉంది. 500 తీస్తే అదీ పద్దెనిమిదిన్నరే.

జానకి: మన బాత్రూమ్ గోడకి చెమ్మ ఉంది. దానికో వెయ్యి తగ్గించండి. పాపం చంటి.

మూర్తి: (రాస్తూ) "గోడ చెమ్మ వల్ల..."

జానకి: ఆగండాగండి! అలా రాసి అమెరికా పంపిస్తారా? మా తోడికోడలు చదువుతుంది. తన ఇంటిని నేను పాడుపెట్టానని చుట్టాలందరికీ ఫోన్లు చేస్తుంది. కొట్టేయండి.

మూర్తి: మరి వెయ్యి?

జానకి: చెమ్మ నేను చూసుకుంటా. వెయ్యి వదిలేయండి.

మూర్తి: అయితే తేలింది. మూడిటికీ సగటు తీయను. నాలుగో ఇల్లే మనకి బాగా దగ్గర, దానిదే ఎక్కువ బరువు. 18,500. (కలం ఆగింది.) అయ్యో, కింద ఒక మాట రాసి సంతకం చేయాలే. "ఈ ఇంట్లో నాకు ఏ స్వార్థమూ లేదు" అని.

జానకి: ఇచ్చేవాడు మీ కొడుకు. పుచ్చుకునేవాడు మీ తమ్ముడు.

మూర్తి: నువ్వు చెయ్యి.

జానకి: ఆవకాయ జాడీలు ఎవరివి?

(గేటు చప్పుడు. ఇస్త్రీ అబ్బాయి మూటతో వచ్చాడు.)

మూర్తి: దొరికాడు సాక్షి! ఏమయ్యా, మా పై వాటా బయటికిస్తే ఎంతొస్తుంది?

ఇస్త్రీ అబ్బాయి: ఖాళీయా సార్? నాలుగో ఇంటికొచ్చి దొరక్క తిరిగిపోయినాయన ఉన్నాడు, కారుంది. ఇరవై ఇస్తాడు. రెండు నెలల అడ్వాన్సు రేపే కడతాడు.

మూర్తి: (కలం ఎత్తి) ఇరవై!

జానకి: వీడి మాటేం పట్టుకుంటారండీ, బట్టలు రుద్దేవాడికి అద్దెల సంగతేం తెలుసు? నువ్వు చొక్కాలు లెక్కపెట్టు నాయనా, పోయినసారి ఒకటి తగ్గింది.