సూర్యుడి దగ్గర ఖాళీలెన్ని?

సోలార్ కరెంటు వల్ల లక్షల ఉద్యోగాలు వస్తాయని మైకు దొరికిన ప్రతివారూ చెబుతున్నారు. చెప్పేముందు అసలు యజమాని దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారో ఒకసారి కనుక్కోవాల్సింది. అందుకు ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. ఆయన అరసవల్లిలోనే ఉన్నాడు, శ్రీకాకుళం పక్కనే. సిబ్బంది వివరాలు పురాణాల్లో దాపరికం లేకుండా రాసే ఉన్నాయి. రథం ఒకటి, దానికి చక్రం ఒకటి, గుర్రాలు ఏడు, సారథి ఒక్కడు. ఆ సారథి అనూరుడు సృష్టి మొదలైనప్పట్నించీ అదే సీట్లో ఉన్నాడు. రిటైర్మెంటు లేదు, బదిలీ లేదు, సెలవు మీదైనా వెళ్ళడు. ఇన్ని యుగాల్లో ఒక్క నోటిఫికేషన్ పడలేదు. పైగా ఏటా మార్చిలో, అక్టోబరులో కిరణాలు నేరుగా గర్భగుడిలోకి వచ్చి మూలవిరాట్టు పాదాలు తాకి వెళతాయి. ఆ పనికి కూడా ఆయన ఎవర్నీ పెట్టుకోలేదు. ఇలాంటి సంస్థని నమ్ముకుని లక్షల్లో పోస్టులు ప్రకటించాలంటే గుండెలు తీసిన బంట్లే కావాలి.

అలాంటి బంట్లు మాకు కొత్త కాదు. కరెంటు పేరు చెప్పుకుని ఉద్యోగాలు మా జిల్లాకి బయల్దేరడం ఇది మూడోసారి. మొదట బొగ్గు బయల్దేరింది. సోంపేట బీలలో ఒకటి, కాకరాపల్లి తంపరలో ఒకటి, రెండు పెద్ద థర్మల్ కేంద్రాలు కడతామన్నారు. బీలన్నా తంపరన్నా మా వైపు నీళ్ళు నిలిచే చిత్తడి నేల. బీలలో నీళ్ళున్నాయి, వరి ఉంది, చేపలున్నాయి, మా పని మాకుంది, మీ ఉద్యోగాలు మీరే ఉంచుకోండని జనం అన్నారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు పోయారు. ఇక్కడ వ్యంగ్యం చేతకాదు, ముందుకు పోదాం.

తర్వాత అణువు. రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు వస్తాయన్నారు. ఇప్పటిదాకా అక్కడ ఒక్క యూనిట్ కరెంటు పుట్టలేదు. ఉద్యోగాల మాట మాత్రం ఎప్పుడో పుట్టి, బడికి పోయి, ఓటుహక్కు వయసుకి దగ్గర పడింది.

ఇప్పుడు సూర్యుడి వంతు. ఈయన మీద నాకు కోపం లేదు. పొగ లేదు, బూడిద లేదు, ఊళ్ళు ఖాళీ చెయ్యమనడు. 2014లో దేశం మొత్తమ్మీద మూడు వేల మెగావాట్లకి లోపు ఉన్న సోలార్ 2025 జనవరికి లక్ష మెగావాట్లు దాటిందంటే మెచ్చుకోవాల్సిందే. చిక్కల్లా ఆయనతో పాటు ఊరేగింపుగా వచ్చే అంకెలతోనే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం డెబ్భై అయిదు వేల కోట్లతో కోటి ఇళ్ళమీద సోలార్ పెట్టిస్తానంటూ, దాంతో 17 లక్షల ప్రత్యక్ష ఉద్యోగాలు వస్తాయని అంచనా కట్టింది. అదే ఏడు మన రాష్ట్రం క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చి పది లక్షల కోట్ల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు అంది. కోటి ఇళ్ళకి 17 లక్షలంటే ఉజ్జాయింపుగా ఆరిళ్ళకి ఒకటి. మా వీధిలో ఇరవై నాలుగిళ్ళున్నాయి. మా వాటా నలుగురు. వాళ్ళెవరో తేల్చుకోవడానికి వీధి పెద్దలు రామమందిరం దగ్గర కూచున్నారు. తేలలేదు. అందరి పిల్లలూ హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్నారు.

ఉద్యోగాలు అసలు రాలేదని అనను, వచ్చాయి. 2023 లెక్క ప్రకారం ప్రపంచంలో సోలార్ మీద బతికేవాళ్ళు 70 లక్షల పైమాటే. అందులో 46 లక్షల మంది చైనాలో ఉన్నారు. మన వాటా మూడు లక్షల పైచిలుకు. సూర్యుడు తూర్పునే ఉదయిస్తాడన్న సంగతి ఉద్యోగాలకి బాగా వంటబట్టినట్టుంది.

ఢిల్లీలో సీఈఈడబ్ల్యూ అనే పరిశోధన సంస్థ ఇంకో లెక్క తీసింది. పెద్ద పెద్ద సోలార్ పార్కుల్లో మెగావాటుకి దాదాపు మూడున్నర ఉద్యోగాలట. అదే ఇళ్ళ డాబాల మీదైతే పాతిక దాకా. ఈ మూడున్నర నన్ను చాలాకాలం వేధించింది. ముగ్గురు సరే, ఆ సగం ఎవరు? పూర్తికాలపు పనిలోకి మార్చి వేసిన సగటు అని తెలిసినవాళ్ళు అంటారు. నా పరిశోధనలో తేలింది వేరు. పొద్దున్న సోలార్ ప్లేట్లు కడిగి మధ్యాహ్నం ఆటో తోలుకునే కుర్రాడే ఆ సగం. జీతం కూడా సగమే కనక లెక్క ఎక్కడా తప్పలేదు.

డాబాల సంగతి చూద్దామని, మా వీధిలో ఒక ఇంటిమీద మూడు కిలోవాట్లు బిగిస్తుంటే మేడెక్కాను. ముగ్గురు కుర్రాళ్ళు. ప్లేట్లని తాడుకట్టి పిట్టగోడ మీదుగా పైకి లాగుతున్నారు. ఒకడు డ్రిల్లు పట్టుకుని శ్లాబుకి కన్నాలు పెడుతున్నాడు. కింద పెరట్లో ఎర్తింగ్ కోసం గొయ్యి తీసి అందులో ఉప్పూ బొగ్గూ పోశారు. బొగ్గుని దేశంలోంచి సాగనంపడానికి పెట్టే సోలార్ కూడా ముందుగా బొగ్గుకే మామూలు చెల్లించుకుంటోందన్నమాట. ఇంటావిడ చేతిలో గుమ్మడి ఒడియాల పళ్ళెంతో పైకొచ్చి, డాబా అంతా కలయజూసి, "మరి నా ఒడియాలెక్కడెట్టుకోవాల బాబూ?" అంది. "ప్లేట్ల కింద బోల్డు చోటుందమ్మా, నీడగుంటాది" అన్నాడు డ్రిల్లువాడు. "నీడలో ఒడియాలెండుతాయేటిరా, గుంటడా!" అని ఆవిడ పళ్ళెం తీసుకుని దిగిపోయింది. సబ్సిడీ 78 వేలు. ఒడియాల నష్టపరిహారం గురించి పథకంలో ఒక్క ముక్క లేదు.

రెండ్రోజుల్లో పనైపోయింది. ప్లేట్లకి గ్యారంటీ పాతికేళ్ళు. ఈ పాతికేళ్ళలో ఆ డాబాకి పుట్టే ఉపాధి ఏమిటంటే, పొద్దున్నే ఎండెక్కకముందు నీళ్ళు కొట్టి కాకి రెట్టలు తుడవడం. అదీ ఇంటాయనే చేసుకుంటున్నాడు, డాక్టరు నడవమన్నాడని.

ఉపాధి విషయంలో సూర్యుడి కన్నా తుపాను నయమని ఇక్కడ ఒప్పుకోవాలి. పైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. ఇంత కచ్చితంగా డ్యూటీకి వచ్చే ఉద్యోగిని ఏ ఆఫీసులోనూ చూడలేదు. తిత్లీకి ఉద్దానంలో కరెంటు స్తంభాలు వరసగా పడిపోతే, ఎత్తి నిలబెట్టడానికి వేరే జిల్లాల నుంచి కూడా మనుషులొచ్చారు. సూర్యుడు ఎన్నడైనా ఒక్క స్తంభం పడగొట్టాడా? పైగా సాయంత్రం ఆరయ్యేసరికి డ్యూటీ దిగిపోతాడు. సరిగ్గా అప్పుడే ఊరంతా లైట్లూ టీవీలూ వేస్తుంది. రాత్రి షిఫ్టు పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం బొగ్గు మోయాల్సిందే. ఆ సింహాద్రి కూడా 2021లో తన రిజర్వాయరు నీళ్ళమీద 25 మెగావాట్ల సోలార్ ప్లేట్లు తేలేసుకుంది. బొగ్గుకి ఉన్న ముందుచూపు మా కుర్రాళ్ళకి లేకపోయింది.

విమర్శించడం తేలిక, దారి చూపించమంటారు. చూపిస్తాను, ఖర్చు లేని దారి. విజయనగరం జిల్లా లక్కవరపుకోట మండలంలో భీమాలి అనే ఊరుంది, మామిడి తాండ్రకి పేరు. వేసవిలో మామిడి రసం చాపలమీద పోసి, ఒక పొర ఎండాక ఇంకో పొర, అదెండాక మరొకటి, అలా రోజుల తరబడి పోస్తారు. ఆ ఎండ ఎవరిది? సంతబొమ్మాళి మండలం నౌపడలో సముద్రపు నీళ్ళు మళ్ళలోకి పెట్టి, ఎండకి ఇగరబెట్టి, గీకి, గంపలకెత్తి ఉప్పు కుప్పలు పోస్తారు. ఆ ఎండ ఎవరిది? తీరం పొడుగునా ఇసకమీద ఎండే నెత్తళ్ళు, సావిడాయిలు లాంటి చేపలు, వాటిని కాకులూ కుక్కలూ ఎత్తుకుపోకుండా కర్ర పట్టుకుని కూచున్న ముసలమ్మలు, వాళ్ళంతా ఏ రంగం కిందికొస్తారు? మా రెండు జిల్లాలూ సోలార్‌లో ఎప్పట్నించో ఉన్నాయి. లెక్క రాసేవాళ్ళకే తెలియలేదు. మెగావాటుకి మూడున్నర మందిని పోషించే ప్లేటుని సౌరరంగం అన్నప్పుడు, చాపకి ఇద్దరాడవాళ్ళని పోషించే తాండ్రని ఎందుకనకూడదు? ఫైలు మీద ఒక్క సంతకం పడితే చాలు, నౌపడలో ఉప్పు మోసే మనిషి తెల్లారేసరికి గ్రీన్ ఎనర్జీ ఉద్యోగి అయిపోతుంది. కూలి పెరుగుతుందా అని అడక్కండి. గ్రీన్ జాబ్ అన్నారే గానీ గ్రీన్ జీతం అని ఎవరూ అనలేదు.

డ్రిల్లు కుర్రాడు ఐటీఐ చదివాడు. వచ్చే నెల రాజస్థాన్ పోతున్నానన్నాడు, అక్కడ సోలార్ పార్కులో మనోళ్ళు పది మంది దాకా ఉన్నారట. ఇక్కడ డాబాలున్నాయి కదయ్యా అన్నాను. "ఉన్నాయి సార్, నెలకి నాలుగు డాబాలొస్తే మిగతా రోజులు ఏటి తింతాం?" అన్నాడు. నాకు ఇంకొకటి తెలుసు, వాడికి చెప్పలేదు. ఆ ఎడారి పార్కుల్లో ప్లేట్లమీద దుమ్ము తుడవడానికి నీళ్ళక్కర్లేని మరమనుషుల్ని పెట్టేశారు. మా వాడు రైలెక్కేలోపే సీటు మీద తువ్వాలు వేసేశారన్నమాట.

అయినా అధైర్యపడక్కర్లేదు. ప్లేట్లు కడిగే పోస్టులకి నోటిఫికేషన్ పడుతుందని ఒక్క పుకారు పుట్టనివ్వండి, ఏడు రోడ్ల జంక్షన్లో మర్నాడే కోచింగ్ సెంటరు వెలుస్తుంది. గుడ్డ ఏ వాలున పట్టాలో ఇరవై మార్కులు, అరసవల్లి స్థలపురాణానికి పది, కరెంట్ అఫైర్స్ ఎలాగూ తప్పదు. మబ్బు పడితే నెగెటివ్ మార్కులు. ఫ్లెక్సీలు కట్టడానికి ఇద్దరు, కాలేజీల ముందు కరపత్రాలు పంచడానికి నలుగురు, హాస్టల్లో వంటకి ఒకరు. మొత్తం ఏడుగురు. మెగావాటుకి మూడున్నర చొప్పున రెండు మెగావాట్ల ఉద్యోగాలు, ఒక్క ప్లేటు కూడా బిగించకుండానే.