సవరణ: ఆకురాయి సైజు, మఫ్లర్ రంధ్రం

చైన్‌సా (చెట్లు కోసే మోటారు రంపం) గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. 3/8 అంగుళాల పిచ్ (చైన్ లింకుల మధ్య దూరం) ఉన్న ‘లో-ప్రొఫైల్’ (ఎత్తు తక్కువ) చైన్‌కి పదును పెట్టడానికి 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి వాడమన్నాను. కాదు, 4 మి.మీ. వాడాలి. 4.8 అనేది .325 అంగుళాల పిచ్ చైన్‌ది.

రెండోది పెద్ద తప్పు. మఫ్లర్ (పొగ బయటికి పోయే సైలెన్సర్) రంధ్రం పెద్దది చేశాక కార్బురేటర్‌ని ముట్టుకోనక్కర్లేదన్నాను. పొగ సులువుగా బయటికి పోతే ఇంజన్ గాలి ఎక్కువ లాగుతుంది, అందులో పెట్రోలు వాటా తగ్గుతుంది. టూ-స్ట్రోక్ ఇంజన్‌కి ఆయిల్ అందేది ఆ పెట్రోలుతోనే కదా! పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో పట్టేస్తుంది. కాబట్టి పెట్రోలు పెరిగేలా కార్బురేటర్ మీది హెచ్ స్క్రూని (ఎక్కువ వేగంలో పెట్రోలుని సర్దేది) కొద్దికొద్దిగా ఎడమవైపుకి తిప్పుతూ, ట్యాకోమీటర్‌తో (ఇంజన్ తిరిగే వేగం కొలిచే పరికరం) వేగం కంపెనీ చెప్పిన హద్దు దాటకుండా చూసుకోండి. మఫ్లర్‌లో నిప్పురవ్వల్ని ఆపే జాలీని మాత్రం తీసేయకండి.