కేబులా, డిస్కా? చెప్పని ఎర్రర్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఫొటో స్టూడియో నడిపే మా బావమరిది మొన్న ఒక హార్డ్ డిస్క్ పట్టుకుని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పరిగెత్తాడు. పెళ్లి ఫొటోలు కాపీ కావడం లేదు. స్క్రీన్ మీద ఒకటే ముక్క: ‘ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్’. షాపతను కేబుల్ మార్చాడు, పోర్ట్ మార్చాడు, మళ్లీ కేబుల్ మార్చాడు. ప్రతిసారీ డిస్క్ అదే చోట టక్ టక్ మంటూ తంటాలు పడటం నాకు ఫోన్లోనే వినిపిస్తోంది.

“బావా, ఇతను కేబులే అంటున్నాడు.”

“డీమెసేజ్ కొట్టమను.”

లైనక్స్ సిస్టమ్ లోపల రాసుకునే లాగ్‌ను చూపించే కమాండ్ అది. అందులో ఉంది: ‘క్రిటికల్ మీడియం ఎర్రర్’, పక్కనే సెక్టార్ నంబరు. కేబుల్‌తో సంబంధమే లేదు, డిస్క్ మీద ఆ చోటు పాడైంది.

అంటే లైనక్స్‌కి సంగతి ముందే తెలుసు. డిస్క్‌లతో పని చూసుకునే దాని బ్లాక్ లేయర్‌లో చోటు పాడైతే ఈనోడేటా, దారిలో లింక్ తెగితే ఈనోలింక్, జవాబు రాకపోతే ఈటైమ్డౌట్ అని వేర్వేరు కోడ్‌లున్నాయి. ఊరికే పెట్టినవి కావు. స్టోరేజ్‌కి రెండు దారులున్న సర్వర్‌లో లింక్ తెగితే రెండో దారి చూడాలి. డిస్కే పాడైతే ఏ దారిన పోయినా అదే గతి. కానీ మామూలుగా ఫైల్ చదివే ప్రోగ్రామ్ దాకా వచ్చేసరికి పేజ్ క్యాష్ (చదివిన ఫైల్ డేటాను మెమరీలో ఉంచే భాగం) వీటన్నిటినీ కలిపేసి 5వ నంబరు, ఈఐఓ, అంటే ఆ ‘ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్’, చేతిలో పెడుతుంది.

పైనున్న ప్రోగ్రామ్‌కి ఆ తేడా ఎందుకంటారు. ఫొటో చూపించే ప్రోగ్రామ్‌కైతే నిజంగానే అనవసరం. కాపీ చేసేదానికి మాత్రం కావాలి. చోటు పాడైతే దాన్ని దాటేసి ముందుకు పోవాలి, కేబుల్ ఊడితే అక్కడే ఆగాలి.

అలాగని ఈనోడేటానే పైకి పంపినా చిక్కే. ఫైల్‌కి అడిగిన అదనపు యాట్రిబ్యూట్ (ఫైల్‌కి తగిలించే అదనపు సమాచారం) లేకపోయినా వచ్చేది అదే ఈనోడేటా, 61వ కోడ్. ‘నో డేటా అవైలబుల్’ అని కనిపిస్తే మావాడు ఫైలే ఖాళీ అనుకుంటాడు.

కోడ్ ఎంచుకునేటప్పుడు లోపల ఏం విరిగిందన్నదాని కన్నా, అది అందుకున్నవాడు తర్వాత ఏం చేయాలన్నది చూడాలని నా అభిప్రాయం. థిన్ ప్రొవిజనింగ్‌నే తీసుకోండి. సర్వర్‌కి 10 టీబీ అని చూపిస్తారు, వెనకాల ఉన్నది 4 టీబీయే. అది నిండగానే స్టోరేజ్ చేతులెత్తేస్తుంది, లైనక్స్ దాన్ని 28వ నంబరు ఈనోస్పేస్‌గా, అంటే ‘చోటు లేదు’గా మారుస్తుంది. ఖాళీ ఎంతుందో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే సగానికి పైగా ఖాళీ! అడ్మిన్‌కి టెన్షన్. అయినా ఆ ఎంపిక సరైందే. రాయడం ఆపి, చోటు చూసుకుని మళ్లీ మొదలుపెట్టాలి. అక్కడ ఈఐఓ ఇచ్చి ఉంటే బంగారంలాంటి డిస్క్‌ను పీకి పక్కన పడేసేవాళ్లు.

చివరికి మావాడి డిస్క్‌కి డీడీరెస్క్యూ అనే డేటా రికవరీ ప్రోగ్రామ్ పెట్టించాను. పాడైన చోట్లు దాటుకుంటూ రాత్రంతా లాగింది. పోయినవి ఐదు ఫొటోలు, అన్నీ భోజనాల బంతివట. కేబుళ్ల డబ్బులు మాత్రం షాపతను వదల్లేదు.