పెళ్ళికొడుక్కి మూడో పెంటా బాకీ

ఇంటికి సంబంధం వాళ్ళు వస్తున్నారంటే మా అమ్మ ముందు కొమ్ము నెమలిని తుడుస్తుంది. మాది ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడి, అక్కడి వాళ్ళ ఇంట్లో కొమ్ముతో చేసిన బొమ్మ ఒక్కటైనా లేకపోతే పరువు తక్కువని ఆవిడ నమ్మకం. తర్వాత పలాస జీడిపప్పు దండిగా వేసి ఉప్మా చేస్తుంది. అటుపైన నాకు ఎప్పుడూ ఇచ్చే ఆజ్ఞే ఇస్తుంది. "నువ్వేటీ మాటాడకు. నాను మాటాడతాను."

ఆ గురువారం కూడా అంతా ఆ వరసలోనే నడిచింది. గుణుపురం నుంచి పిల్ల తండ్రి, మేనత్త, మధ్యవర్తి వచ్చారు. మేం పిల్లని చూడ్డానికి వెళ్ళేలోపు, అబ్బాయినీ ఇంటినీ ఓసారి చూసుకుపోదామని. ఉప్మా సగంలో ఉంది. నెమలిని ఇద్దరు మెచ్చుకున్నారు. అప్పుడు గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. మా వీధి ఆశా దీదీ, ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్త.

దీదీకి తెలుగు మనకన్నా బాగా వచ్చు. కూరగాయల బేరం తెలుగులోనే చేస్తుంది. చేతిలో లిస్టు ఉంటే మాత్రం ఒడియా తప్ప మాట్లాడదు. కూర్చున్నవాళ్ళని పట్టించుకోకుండా "పిలా కాహిఁ?" అంది. పిల్లాడేడీ అని.

"ఏ పిల్లడు?" అంది మా అమ్మ.

"టికా బాకి అఛి."

ఇందులో తెలుగువాడికి అర్థం కాని మాట ఏదైనా ఉందా? టీకా మనదే, బాకీ అంతకన్నా మనది. పైగా గుణుపురం వాళ్ళకి ఒడియా నీళ్ళలా వచ్చు. మా అమ్మ ఇప్పటికీ అంటుంది, అదే టెక్కలి సంబంధమైతే దాటిపోయేది, వాళ్ళకి ఒడియా రాదు కదా అని.

దీదీ అంతటితో వదల్లేదు. లిస్టులో ఉన్న నంబరు నొక్కి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. నా చొక్కా జేబు మోగింది.

ఉప్మా ప్లేటు కింద పెట్టిన చప్పుడు నాకింకా గుర్తుంది. మేనత్తగారు పెట్టారు.

ఇక అసలు సంగతి. దీనికి మూలం కరోనా టీకాలు. 2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాక కోవిన్‌లో పేరు ఎక్కించుకోవాల్సి వచ్చింది. మొదట్లో ఒక మొబైల్ నంబరు మీద నలుగురికే చోటు. నా నంబరు మీద అమ్మ, నాన్న, పక్కింటి మామ్మ, ఆవిడ చెల్లెలు ఎక్కారు. నాకు చోటు లేక నేను మా స్నేహితుడి నంబరు మీద ఎక్కాను. మామ్మ చెల్లెలు ఎక్కడో క్యూలో నిలబడి "బాబూ, ఓటీపీ ఒచ్చినాదేటి?" అని అరుస్తుంటే నేను స్నానాల గదిలోంచి అంకెలు అరిచేవాణ్ణి. అప్పటినుంచి మా బంధువర్గంలో సర్కారు పని ఏదైనా నా నంబరే. నా పేరు మరిచిపోయిన వాళ్ళున్నారు గాని నంబరు మరిచిపోయినవాళ్ళు లేరు.

మా అప్ప తొలి కాన్పుకి పుట్టింటికొచ్చింది. అర్ధరాత్రి మగపిల్లాడు పుట్టాడు. పుట్టగానే వేయాల్సిన బీసీజీ, హెపటైటిస్ బీ వేసి, పోలియో చుక్కలు పోశారు. యూవిన్‌లో, అంటే పిల్లల టీకాల సర్కారు రిజిస్టరులో ఎక్కించాలి, నంబరు చెప్పమన్నారు. బావ ఫోను ఛార్జింగు అయిపోయి పడుంది. అప్ప ఉన్న స్థితిలో ఆమెని అంకెలు అడిగేవాడు మనిషి కాడు. నేను నాది చెప్పాను. మేనమామని, చెవులు కుట్టించాలన్నా పుట్టెంట్రుకలు తీయించాలన్నా నా ఒడే కావాలి. ఒడి ఇచ్చేవాడు నంబరు ఇవ్వడా?

పిల్లాడికి ఇంకా పేరు లేదు గనక తల్లి పేరుతో రాసుకున్నారు. మా అప్ప వెంకటలక్ష్మి. ఒడియా నోట 'వ' నిలవదు. అలా మావాడు 'బేబీ ఆఫ్ బెంకట లక్ష్మీ' అయ్యాడు.

ఈ యూవిన్ మామూలు లెక్కల పుస్తకం కాదు. గర్భిణి దగ్గర్నుంచి పిల్లాడి వరకూ ఎవరికి ఏ టీకా ఏ రోజు పడిందో ఎక్కించుకుంటుంది, రాబోయేది ఎప్పుడో తనే లెక్కకట్టి ఫోనుకి మెసేజ్ పంపిస్తుంది, రానివాళ్ళ లిస్టు కింద తేలుస్తుంది. దేశంలో ఎక్కడ వేయించుకున్నా అదే ఖాతాలో పడాలన్నది దాని ఉద్దేశం. మా అమ్మ జబ్బ మీద మశూచి టీకా మచ్చ ఉంది, అర్ధరూపాయంత. ఆవిడకి అదే రిజిస్టరు, అదే సర్టిఫికెట్. దేశంలో ఆ జబ్బు 1975లో ఆఖరుసారి కనబడింది, మచ్చ మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు. మచ్చకి ఇంకో సుగుణం ఉంది. రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టదు.

ఆరో వారం, పదో వారం టీకాలు, అంటే అయిదు జబ్బులకి కలిపి వేసే పెంటా లాంటివి, ఇక్కడే పడ్డాయి. ప్రతిసారీ నాకు మెసేజ్. మూడో నెల నిండాక అప్ప పిల్లాణ్ణి తీసుకుని అత్తారింటికి పాతపట్నం వెళ్ళింది. ఆటో ఎక్కితే ఆంధ్రా, అంత దూరం. పద్నాలుగో వారం అక్కడి ఏఎన్‌ఎం, అంటే టీకాలు వేసే నర్సు, బావ నంబరు కొట్టి వెతికింది. దొరకలేదు, దొరకదు. అసలు నంబరు ఏదని ఆవిడ అడగబోతే అప్ప అత్తగారు అడ్డుపడింది. "మా ఇంటి గుంటడు, మా ఇంటిపేరుతో రాసుకో తల్లీ." అప్పటికి బారసాల కూడా అయిపోయింది, పేరుంది. కొత్తగా ఎక్కించి సూదులు పొడిచి, చుక్కలు పోసి పంపేశారు.

దాంతో రిజిస్టరులో ఇద్దరు పిల్లలు తయారయ్యారు. ఒడిశాలో ఒకడు, మధ్యలో మానేసినవాడు. ఆంధ్రాలో ఇంకొకడు, మధ్యలోంచి మొదలెట్టినవాడు. రిజిస్టరుని ఏమనగలం? మనం చెప్పిందే రాసుకుంది. అటూ ఇటూ తిరిగేవాళ్ళం మనం, అది తిరగదు.

నాకు మెసేజ్‌లు వచ్చాయి. మా అప్పకే కదా అనుకుని తుడిచేశాను. అప్ప 'వేయించాం' అంది. వేయించారు కూడా. బుధవారం టీకా రోజున రాని పిల్లల ఇళ్ళకి మర్నాడు దీదీ బయల్దేరింది. ఆమె పని ఆమె చేసింది. మా ఉప్మా టైముకి వచ్చింది, అంతే.

మళ్ళీ గదిలోకి వద్దాం. మా అమ్మ లేచి "మావోడికి పెళ్ళే అవ్వలేదు!" అని గట్టిగా అంది. ఆ సందర్భంలో అంతకన్నా చెడ్డ వాక్యం తెలుగులో లేదు. మేనత్తగారు మధ్యవర్తి వంక చూశారు. మధ్యవర్తి నెమలి వంక చూశాడు. నేను ఆజ్ఞ మీరి నోరు తెరిచి "అది మా అప్ప కొడుకండీ, నంబరొకటే నాది" అన్నాను. ఎంత నిజమైనా ఆ మాట అబద్ధంలాగే వినిపించింది. అప్పకి వీడియో కాల్ చేశాను. తెర నిండా మేనల్లుడి నోరు, అరుపు. వాడి ముక్కు అచ్చం నా ముక్కు. మేనమామ పోలిక. ఎందుకు చేశానా అనిపించింది.

దీదీ ఫోను లాక్కుని అప్పని కార్డు చూపించమంది. తల్లీ పిల్లల కార్డు పసుపు మరకలతో తెరకి అడ్డంగా నిలబడింది. దీదీ చదువుకుని "మూడో పెంటా పడింది, రోటా పడింది" అంటూ హఠాత్తుగా తెలుగులోకి దిగింది. ఏఎన్‌ఎం నంబరు రాసుకుని, రెండు పేర్ల సంగతి తను మాట్లాడతానంది. పోతూ పోతూ ఉప్మా తింది.

పిల్ల తండ్రి అంతసేపూ ఒక్క మాటా అనలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "తొమ్మిదో నెలలో ఎమ్మార్ టీకా ఉంటాది బాబూ, మర్సిపోకు" అన్నాడు. దాన్ని ఎలా తీసుకోవాలో మాకు ఈ రోజుకీ తెలీదు. గుణుపురం నుంచి మళ్ళీ కబురు లేదు.

ఇప్పుడు ఏ కొత్త సంబంధం వాళ్ళు ఫోను చేసినా మా అమ్మ కులగోత్రాలు అడక్కముందే అంటుంది, "ముందే సెప్తన్నాను, మావోడికి పిల్లల్లేరు." అవతల కాసేపు మాటుండదు.