అంతర్వేదికి క్రూయిజ్ ఓడ వస్తే మన దశ తిరుగుతుందా?

వారం రోజులుగా మా చుట్టాల గ్రూపుల్లో, బడి స్నేహితుల గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. సారాంశం ఇది: "అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరిలోకి క్రూయిజ్ ఓడ తెస్తే చాలు. డచ్చివాళ్ల ఓడలు వచ్చిన చోటికి ఇప్పటి ఓడ రాలేదా? ఓడకి రెండు వేల మంది, మనిషికి ఐదు వేలు ఖర్చు, అంటే రోజుకి కోటి రూపాయలు ఊరికే. గుడి, లైట్‌హౌస్, లేసు, పులస అన్నీ ఒక్క పూటలో చూపించొచ్చు. ప్రపంచంలో ఏ ఊరూ ఓడని వద్దనలేదు. హోటళ్లు కూడా కట్టక్కర్లేదు, వాళ్లు ఓడలోనే పడుకుంటారు."

మాది అంతర్వేది దగ్గరే, సఖినేటిపల్లి పక్కన. ఊరు బాగుపడాలని నాకూ ఉంది, ఈ మెసేజ్ పంపినవాళ్లంతా నావాళ్లే. కానీ పోయిన వేసవిలో మా అమ్మాయి సియాటిల్ నుంచి మమ్మల్ని అలాస్కా క్రూయిజ్‌కి తీసుకెళ్లింది, ఓడ ప్రయాణికుడిగా చిన్న ఊళ్లో దిగడం ఎలా ఉంటుందో స్వయంగా చూశాను కాబట్టి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ముందు డచ్చివాళ్ల సంగతి. 17వ శతాబ్దంలో వాళ్లు పాలకొల్లు, నర్సాపురంలలో వర్తకం చేసిన మాట నిజం. నర్సాపురం ఒడ్డున ఓడలు కట్టేవాళ్లు, దెబ్బతిన్నవాటిని బాగుచేసేవాళ్లు, ఇంగ్లీషువాళ్లూ ఇక్కడ పని చేయించుకున్నారు. మనం గోదారి దాటడానికి రోజూ పంటు ఎక్కే మాధవాయిపాలెం పేరు మీదే 'మడపొల్లం' అనే నూలు గుడ్డ సముద్రాలు దాటి వెళ్లింది. గర్వపడాల్సిన విషయమే. అయితే అవి తెరచాప కట్టిన చెక్క ఓడలు, కొన్ని వందల టన్నులవి. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకు వచ్చిన ఎంప్రెస్ అనే క్రూయిజ్ ఓడ టన్నేజి 48 వేల పైచిలుకు, ఆ సైజు ఓడకి కింద ఏడెనిమిది మీటర్ల నీళ్లు లేకపోతే కదలదు. గోదారి సముద్రంలో కలిసే మన మొగలో ఇసుక మేటలు ఏటా చోటు మారుతుంటాయి, వేట బోట్లే పోటు వచ్చేదాకా ఆగి లోపలికి వస్తాయి, ఒక్కోసారి అప్పటికీ ఇసుకలో కూరుకుపోతాయి. తవ్విస్తే సరి అంటారు. ఒక్క వరద చాలు, గోదారి మళ్లీ ఇసుక తెచ్చి పోస్తుంది. కాకినాడ దగ్గర ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగిని చూడండి, 1839 తుఫాను, ఏళ్ల తరబడి పేరుకున్న మేట కలిసి ఆ రేవు లేకుండా చేశాయి.

కాబట్టి ఓడ ఆగితే కాకినాడలో ఆగాలి, అక్కడ లోతు నీళ్ల రేవు ఉంది. లేదా విశాఖలో, అక్కడ 2023లో క్రూయిజ్ టెర్మినలే తెరిచారు. కాకినాడలో దిగినవాళ్లు యానాం, ఎదుర్లంక వంతెన, అమలాపురం, రాజోలు మీదుగా అంతర్వేది చేరడానికి రెండున్నర గంటలు పట్టదా? మళ్లీ అంతే వెనక్కి. ఓడ రేవులో ఉండేదే ఎనిమిది గంటలైతే, బయల్దేరడానికి చాలా ముందే అందరూ లోపల ఉండాలి. మిగిలేది ఎంత?

ఇక కోటి రూపాయలు. ఇక్కడ నా అనుభవమే చెప్తాను. స్కాగ్వే అని అలాస్కాలో ఒక ఊరు, 1897లో బంగారం కోసం జనం ఎగబడితే పుట్టింది, ఏడాది పొడవునా ఉండేవాళ్లు వెయ్యికి కొంచెం పైన. వేసవిలో రద్దీ రోజున దానికి ఎన్నో రెట్ల మంది ఓడల్లోంచి దిగుతారు. మేమూ దిగాం. కొండ రైలు టికెట్ ఓడలోనే కొన్నాం, అందులో ఓడ కంపెనీకీ వాటా ఉంటుంది. మధ్యాహ్నం ఆకలేస్తే ఓడకే నడిచి వచ్చేశాం, ఎందుకంటే భోజనానికి డబ్బులు ముందే కట్టేశాం, మళ్లీ బయట తినడం ఎందుకని. ఊళ్లో మేం ఖర్చుపెట్టింది ఒక టోపీకి, రెండు ఫ్రిజ్ బొమ్మలకి, ఐదుగురికి కలిపి ముప్పై డాలర్లు దాటలేదు. మాతో వచ్చిన తెలుగు కుటుంబాలన్నీ ఇంచుమించు అంతే. రేవు దగ్గర వరసగా నగల దుకాణాలు చూసి ఒకదాంట్లో అమ్మాయిని పలకరిస్తే, తను ఆ ఊరిది కాదట, సీజన్ అయిపోగానే కొట్టు మూసి వెళ్లిపోతారట. ఊరి పేరు వాడుకున్నది ఎవరు, లాభం పోయింది ఎక్కడికి అని ఆ రాత్రంతా ఆలోచించాను. జమైకాలో ఫాల్‌మత్ అనే పాత ఊరి దగ్గర 2011లో పెద్ద క్రూయిజ్ రేవు తెరిచారు, అక్కడ కూడా ప్రయాణికులు రేవు ఆవరణలోనే ఉండిపోతున్నారని ఊరి వర్తకులు మొత్తుకున్నారు.

అన్ని చోట్లా ఇలాగే అనను. అదే అలాస్కాలో హూనా అనే పల్లెలో అక్కడి ట్లింగిట్ జాతివాళ్ల సంస్థే పాత చేపల డబ్బాల ఫ్యాక్టరీని బాగుచేసి ఓడల రేవుగా నడుపుతోంది. రేవు వాళ్లది కాబట్టి మాటా వాళ్లదే. మన మెసేజ్‌లో ఆ రేవు ఎవరి చేతిలో ఉండాలన్న ముక్క ఒక్కటీ లేదు.

ఏ ఊరూ వద్దనలేదనడం పూర్తిగా తప్పు. వెనిస్ నడిబొడ్డు కాలవలోకి 25 వేల టన్నులు దాటిన ఓడల్ని 2021 ఆగస్టు నుంచి రానివ్వడం లేదు. అమెరికాలో బార్ హార్బర్ జనం ఓట్లేసి మరీ రోజుకి వెయ్యి మందే దిగాలన్నారు. అంత దూరం ఎందుకు, 2022లో పుదుచ్చేరిలోనే ఆ ఎంప్రెస్ ఓడని బయట ఆపేశారు, జనాన్ని దించనివ్వలేదు.

ఒక్క పూటలో అన్నీ చూపించడం గురించి నాకు నిజంగా బాధేసింది. పులస పులుసు ఎప్పుడు తింటామండీ? రాత్రి సన్న సెగ మీద కాగి, పొద్దున్నకి ముక్కకి పులుపు పట్టాక. బస్సు దిగి గంటలో తినేది పులస పేరుతో ఇంకేదో అవుతుంది. లేసు కూడా అంతే. ఇంటి పనయ్యాక మధ్యాహ్నం అరుగు మీద నలుగురు ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటూ అల్లుతారు, ఒక టేబుల్ గుడ్డకి ఎన్ని రోజులు పడుతుందో, చేతికి ఎంత తక్కువ వస్తుందో వాళ్ల పక్కన కాసేపు కూర్చుంటేనే తెలుస్తుంది. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం, కానీ బస్సు పక్కన బల్ల మీద పరిచి బేరమాడించే సరుకుగా దాన్ని చూపిస్తే కూలి పెరుగుతుందా?

మా ఊరికి జనం కొత్త కాదు. మాఘ శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణానికి, మర్నాడు భీష్మ ఏకాదశి రథోత్సవానికి లక్షల్లో వస్తారు. ఇసుకలో పడుకుంటారు, పొద్దున్నే సాగర సంగమంలో మునుగుతారు, ఇడ్లీ తింటారు, గాజులు, బొమ్మలు, జీళ్లు కొంటారు, ఆటోలు ఎక్కుతారు. వాళ్లలో చాలామంది పేదవాళ్లే, అయినా ఆ నాలుగు రోజుల డబ్బు మా చిన్న కొట్లవాళ్లకి నేరుగా అందుతుంది. ఎందుకంటే వాళ్లు రాత్రి ఉంటారు.

అందుకే "హోటళ్లు కట్టక్కర్లేదు" అన్న చివరి ముక్కే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. అడగాల్సిందే గదులు! శుభ్రమైన మంచం, నీళ్లొచ్చే బాత్‌రూమ్, ఆడవాళ్లు ధైర్యంగా ఉండగలిగే చోటు. సాయంత్రం పంటు ఆగిపోతే అవతలివాళ్లు అవతలే ఉండిపోకుండా నర్సాపురానికి వంతెన. లైట్‌హౌస్ దగ్గర ఒక మరుగుదొడ్డి. మంత్రిగారికి పంపమని ఆ మెసేజ్ కింద రాశారు కదా, పంపండి, కానీ ఓడ అన్న చోట ఇవి రాసి పంపండి.