బ్రాండెడా, అసెంబుల్డా? ఇంకా పుట్టని హోమ్ థియేటర్ పీసీ గారికి లేఖ

మహారాజశ్రీ హోమ్ థియేటర్ పీసీ గారికి,
టీవీ స్టాండు, కింది అర, సెట్‌టాప్ బాక్సు పక్కన.

ఉభయకుశలోపరి. టీవీకి తగిలించి సినిమాలు చూసుకునే కంప్యూటరు మీరు. ఇంకా పుట్టలేదు కాబట్టి మీ క్షేమం గురించి మాకు బెంగ లేదు. మా క్షేమం గురించే రాస్తున్నాను. మీ కోసం అర ఖాళీ చేశాం. అందులో ఉండే కొండపల్లి బొమ్మలు బెడ్రూమ్ షోకేసులోకి వెళ్లాయి. వెనకాల గోడకి కొత్త ప్లగ్ పాయింటు పెట్టించాం. వైఫైలో మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలో కూడా తేల్చేశాం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు గానీ, మా సోమలింగానికి ఐపీ అడ్రసు కూడా కాగితం మీద రాసిపెట్టి ఉంది.

తేలనిదల్లా ఒక్కటే. మిమ్మల్ని కంపెనీ కట్టిన బ్రాండెడ్‌గా కొనుక్కురావాలా, విడి పార్ట్స్ కొని అసెంబుల్డ్‌గా కట్టించుకోవాలా?

ఈ ఒక్క ప్రశ్నతో మా బంధువర్గం రెండు పార్టీలైంది. మా బావమరిది అసెంబుల్డ్ పార్టీ. బ్రాండెడ్ పేరెత్తితే చాలు, వాడికి బీపీ పెరుగుతుంది. "బావా, రెండు స్లాట్లున్నా ఒక్క ర్యామ్ స్టిక్కే పెట్టి ఇస్తారు. లోపల కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్లు వాళ్ల సొంత డిజైను, కాలిపోతే బయట దొరకదు. నువ్వు అడగని యాంటీవైరస్ ఒకటి ట్రయల్ పేరుతో వచ్చి కూర్చుంటుంది" అంటాడు. పెద్ద కంపెనీల డెస్క్‌టాప్‌లు చాలావాటిలో ఇవన్నీ నిజమే. మా తోడల్లుడిది బ్రాండెడ్ పార్టీ. ఆయన వాదన ఒక్క ముక్క. "అన్నయ్యా, రేపు అది ఆన్ కాకపోతే ఎవరికి ఫోన్ చేస్తావు?" బావమరిదికి చేస్తానంటే నవ్వుతాడు. బావమరిది సంక్రాంతికి వస్తాడు. పీసీలు పండగలు చూసుకుని చెడిపోవు.

అసెంబుల్డ్‌కి వారంటీ ఉండదనడం మాత్రం తోడల్లుడి అభాండం. ఉంటుంది. ప్రాసెసర్‌కి మూడేళ్లు, ఎస్‌ఎస్‌డీకి మూడో ఐదో, మంచి ఎస్‌ఎంపీఎస్ అయితే ఇంకా ఎక్కువ. కాకపోతే దేని సర్వీస్ సెంటరు దానిది. తెర నల్లగా అయిపోతే నేరం ఎవరిదో ముందు మనమే విచారించి, ఆ ఒక్క ముద్దాయిని విడదీసి పట్టుకెళ్లాలి. ర్యామ్ వాళ్లు బోర్డు మీదకి, బోర్డు వాళ్లు ఎస్‌ఎంపీఎస్ మీదకి తోస్తారు. ఎస్‌ఎంపీఎస్ వాళ్లు మన ఇంటి కరెంటు మీదకి తోస్తారు, ఇక అక్కడ కేసు ముగుస్తుంది. బ్రాండెడ్‌లో ఇంత వెతుకులాట ఉండదు. ఒకటే నంబరు. తెలుగు కోసం ఏదో నొక్కాలి, కంప్యూటర్ల కోసం ఇంకేదో నొక్కాలి. ఆఖరికి ఒక మనిషి దొరికి, "సార్, ఒకసారి విండోస్ రీఇన్‌స్టాల్ చేసి చూశారా?" అని ఎంతో గౌరవంగా అడుగుతాడు.

మీ పార్ట్స్ కోసం సికింద్రాబాద్ వెళ్లి చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కినప్పుడు కౌంటర్ల దగ్గర ఎదురైన ప్రశ్న ఒకటే. "గేమింగా సార్, ఆఫీసా సార్?" సినిమాలు చూడటానికి అంటే ఆ కుర్రాడి ముఖంలో జాలి కనిపిస్తుంది. సినిమాకి పీసీ ఎందుకు సార్ అని పైకి అనడు, వ్యాపారం కదా. ఒక పక్కంతా గాజు తలుపు, లోపల ఏడు రంగుల లైట్లు తిరిగే క్యాబినెట్ చూపిస్తాడు. అది టీవీ కింద పెడితే వినాయక చవితి పందిరే. తెర మీద హీరో చావుబతుకుల్లో ఉంటాడు, కింద లైట్లు నిమజ్జనానికి బయల్దేరతాయి.

చిన్నది కావాలి, చప్పుడు చేయనిది కావాలి అన్నామనుకోండి, అప్పుడు మొదలవుతుంది అసలు కథ. చిన్న పీసీలకి మినీ ఐటీఎక్స్ బోర్డులని ఉన్నాయి. 17 సెంటీమీటర్ల చదరం, వియా అనే తైవాన్ కంపెనీ 2001లో తెచ్చిన కొలత. మన మార్కెట్లో విచిత్రం ఏమిటంటే బోర్డు ఎంత చిన్నదైతే ధర అంత పెద్దది. దానికి తగ్గ క్యాబినెట్ ఆర్డర్ మీద తెప్పించాలి. ఆ క్యాబినెట్‌లో పట్టే పొట్టి కూలర్‌కి ఫ్యాను చిన్నది, అది గాలి చాలక గట్టిగా తిరుగుతుంది. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగితే చప్పుడు ఉండదు, కానీ అది పట్టాలంటే పెద్ద క్యాబినెట్ కావాలి. పెద్ద క్యాబినెట్ అరలో పట్టదు. అర పెద్దది చేయించాలంటే కార్పెంటర్ రావాలి. ఆయన ఎప్పుడొస్తాడో తెలిస్తే ఈ ఉత్తరం ఆయనకే రాసేవాణ్ణి.

దీనికి తోడు 2025 చివర్లో ర్యామ్ ధరలు లేచి కూర్చున్నాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఊడ్చుకుపోతుంటే మిగిలింది మనం పంచుకోవాలట. మా బావమరిది అప్పట్నుంచి కాస్త మెత్తబడ్డాడు. తోడల్లుడు మీసం మెలేశాడు గానీ, ఆయన మీసానికీ ఒక కథ ఉంది. అరచేతిలో పట్టే బ్రాండెడ్ పీసీ అనగానే అందరూ ఇంటెల్ న్యూక్ పేరు చెప్పేవాళ్లు. 2023 జులైలో ఇంటెల్ ఆ వ్యాపారం నుంచి తప్పుకుని ఆసుస్‌కి అప్పజెప్పింది. ఆ ఏడాదే ఆగస్టు 3న కేంద్ర ప్రభుత్వం ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లతో పాటు మీలాంటి బుల్లి కంప్యూటర్లని దిగుమతి చేసుకోవాలన్నా లైసెన్సు తీసుకోవాలంది. మర్నాటికల్లా అక్టోబరు ఆఖరు దాకా గడువిచ్చింది, ఆ తర్వాత ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకుంటే చాలంది. టీవీ కింద పెట్టుకునే డబ్బా గురించి గెజిట్‌లో నోటిఫికేషన్ వచ్చిందంటే, అయ్యా, మీ స్థాయి నాకు అప్పుడు తెలిసొచ్చింది.

ఇన్ని తర్జనభర్జనల్లో రెండు పార్టీలూ ఒక సంగతి మర్చిపోతున్నాయి. మీరు ఎలా పుట్టినా మీ బతుకు మీ చేతిలో ఉండదు. నెట్‌ఫ్లిక్స్‌కి 4కే డబ్బులు కట్టి మీలో క్రోమ్ తెరిస్తే 4కే రాదు. విండోస్‌లో ఎడ్జ్ బ్రౌజర్ వాడాలి, 4కే వీడియోని విప్పే హెచ్‌ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్ ఉండాలి, కేబులూ టీవీ పోర్టూ హెచ్‌డీసీపీ 2.2 అనే దొంగతనం నిరోధక శాఖకి సరిపోవాలి. విండోస్ ఎందుకులే, లినక్స్ వేసుకుందాం అంటే 4కే ఆశే వదులుకోవాలి. అదే టీవీ వెనక గుచ్చుకునే చిన్న 4కే స్టిక్కుకి టీవీ పోర్టు హెచ్‌డీసీపీకి సరిపోతే చాలు, మిగతా పరీక్షలేవీ లేవు. ఎవరి బాబునూ అడక్కుండా బొమ్మ వేసేస్తుంది. మీలో ఉన్న ప్రాసెసర్ దాన్ని నమిలి మింగేయగలదు. కానీ మిమ్మల్ని ఎవరూ నమ్మరు. పీసీ అంటేనే కాపీ కొట్టేవాడని స్టూడియోల అనుమానం.

డిస్కుల సంగతి ఇంకా ఘోరం. అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే 2016లో వచ్చింది. దాన్ని పీసీలో అధికారికంగా ఆడించాలంటే ఇంటెల్ ప్రాసెసర్‌లో ఎస్‌జీఎక్స్ అనే తాళం ఉండాలన్నారు. తీరా 11వ తరం నుంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఇంటెల్ ఆ తాళాన్నే తీసిపారేసింది. పోటీ కంపెనీ ఏఎండీ ప్రాసెసర్లలో అది ఎప్పుడూ లేనే లేదు. అంటే నా కష్టార్జితమంతా పోసి సరికొత్త ప్రాసెసర్‌తో మిమ్మల్ని కట్టించుకుంటే, డబ్బులిచ్చి కొన్న డిస్కు మీ ముందు పనికిరాదు. ఏ ఐటీ కంపెనీయో వదిలించుకున్న పాత ఆఫీసు పెట్టెలో మాత్రం అన్నీ కలిసొస్తే ఆడొచ్చు.

బాగుచేసి మళ్లీ అమ్మే ఆ రిఫర్బిష్డ్ పెట్టెల మీదా నాకు మనసు పోయింది, దాచడం ఎందుకు. లీటరు వాటర్ బాటిల్ కన్నా ఎక్కువ చోటు తీసుకోవు, ధరా తక్కువ. కానీ ఆ తరం వాటిలో హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా చాలాసార్లు పాత 1.4 వెర్షనే ఉంటుంది. 4కే టీవీకి పెడితే సెకనుకు 30 ఫ్రేములే వస్తాయి, మౌస్ బాణం నిద్రలో నడిచినట్టు కదులుతుంది. డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో పోర్టు నుంచి 60 ఇచ్చే అడాప్టర్ వేరే కొనుక్కోవాలి. 2011 నాటి ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ చిప్పుల రోజుల్లో అయితే ఇంకో వింత ఉండేది. సినిమాకి సెకనుకు 23.976 ఫ్రేములు కావాలి, ఆ చిప్పులు నిక్కచ్చిగా 24 పంపేవి. దాంతో దాదాపు 42 సెకన్లకోసారి ఒక ఫ్రేము రెండుసార్లు పడేది. దాన్ని పట్టుకోవడానికి సినిమా మానేసి వాచీ చూసుకుంటూ కూర్చున్న మహానుభావులు ఉన్నారు. మీ భక్తులంటే సామాన్యులు కారు.

రిమోట్ దగ్గరికొద్దాం, ఎందుకంటే మా ఇంట్లో తీర్పు చెప్పేది అక్కడే. స్టిక్కుకి, సెట్‌టాప్ బాక్సుకి ఉండే సీఈసీ అనే, టీవీ రిమోట్ మాట వినే సౌకర్యం మామూలు పీసీ గ్రాఫిక్స్‌కి ఉండదు. టీవీ రిమోట్‌తో మిమ్మల్ని నడపాలంటే మధ్యలో ఒక యూఎస్‌బీ అడాప్టర్ పెట్టాలి. లేదా సోఫాలో ఒళ్లో కీబోర్డు పెట్టుకోవాలి. మా అమ్మకి ఈ సంగతి చెప్పాను. "ఒరేయ్, సీరియల్ పెట్టుకోవడానికి టైపు నేర్చుకోమంటావా?" అంది. విండోస్ అప్‌డేట్ అవుతున్నప్పుడు ఆపకూడదు అని చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. మా ఆవిడ మాత్రం, "ఏమండీ, పొద్దున్నుంచీ ఆఫీసులో చూసేది అదేగా, రాత్రి కూడా అదేనా?" అని ఊరుకుంది. ఆవిడ ఊరుకోవడం మంచి సంకేతం కాదని మా తోడల్లుడికి కూడా తెలుసు.

మరి ఎందుకయ్యా మీ మీద ఇంత మోజు అంటారేమో. టీవీల్లో కొన్ని కంపెనీలు డీటీఎస్ సౌండుని వదిలేశాయి. ఆ సౌండున్న సినిమాని పెన్‌డ్రైవ్‌లో పెడితే బొమ్మ వస్తుంది, మాట రాదు. మూకీ సినిమా. మా పెళ్లి వీడియో హార్డ్ డిస్కులో ఉంది. మా చెల్లెలి పెళ్లిది డ్రోన్లతో తీశారు, ఒక్కో ఫైలు చూస్తే టీవీకి కళ్లు తిరుగుతాయి. ఇవన్నీ ఒకచోట పెట్టి, పోస్టర్లతో సహా వరసగా చూపించే పని మీరు చేసినట్టు ఎవరూ చేయలేరు. 2002లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీకి మీడియా సెంటర్ తగిలించినప్పటి నుంచి మీ వంశానికి ఈ పేరుంది. ఆ మీడియా సెంటర్‌ని 2015లో విండోస్ 10 రాగానే ఇంటికి పంపేశారు. అదే 2002లో ఎక్స్‌బాక్స్ గేమ్ డబ్బాలో సినిమాలు ఆడించడానికి కొందరు ఔత్సాహికులు ఉచితంగా రాసుకున్న ప్రోగ్రామే ఇవాళ కోడి పేరుతో ఇంకా కూస్తోంది. పెళ్లి వీడియోలు మా ఇంట్లో ఎవరూ చూడరు, అది వేరే విషయం. చూడాలనుకుంటే చూడగలగాలి.

ఇంత ఆలోచించాక నాకు అర్థమైంది చెబుతాను. బ్రాండెడ్ అయినా అసెంబుల్డ్ అయినా తెర మీద బొమ్మ ఒకటే, ఎందుకంటే సినిమాని విప్పి చూపించే పని ప్రాసెసర్‌లోని ఒక మూల చేస్తుంది, అది ఏ డబ్బాలో ఉన్నా అదే మూల. తేడా అంతా చెడిపోయిన రోజున ఉంది. బ్రాండెడ్ కొంటే తిట్టడానికి ఒక కంపెనీ దొరుకుతుంది. అసెంబుల్డ్ కట్టిస్తే ఇంట్లో వాళ్లకి తిట్టడానికి నేను దొరుకుతాను. మా తోడల్లుడు అదనంగా కట్టమంటున్న డబ్బులు నా పరువుకి ఇన్సూరెన్సు. మా బావమరిది మిగల్చమంటున్న డబ్బులు నా పరువు అమ్మితే వచ్చేవి. వాడికి నా పరువు మీద అంత మమకారం ఉండాల్సిన పని లేదు, నిజమే.

అందుకని మధ్యేమార్గం తీసుకున్నాను. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 చిప్పున్న బేర్‌బోన్ డబ్బా ఒకటి ఆర్డర్ పెట్టాను. నాలుగు కోర్లు, 6 వాట్ల చిప్పు, ఏవీ1 అనే కొత్త రకం వీడియోని కూడా చెమట పట్టకుండా విప్పుతుంది. బోర్డు, ప్రాసెసర్, డబ్బా కంపెనీవి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఆపరేటింగ్ సిస్టమ్ నావి. ఒక్క ర్యామ్ స్టిక్కే పెడతారని గొడవ చేసే బావమరిదికి, ఈ చిప్పుకి ఉన్నదే ఒక్క మెమరీ చానెల్ అని చెప్పి నోరు మూయించాను. అరగంటలో తేరుకుని, నాలుగు స్క్రూలు బిగిస్తే అసెంబుల్డ్ ఎలా అవుతుంది బావా అన్నాడు. ర్యామ్ పెట్టకుండా అమ్మేదాన్ని బ్రాండెడ్ అని ఎవరన్నారు అన్నయ్యా అని తోడల్లుడు. ఇప్పుడు రెండు పార్టీలూ మద్దతు ఉపసంహరించుకున్నాయి. రెంటికీ చెడ్డ రేవడినై మీ కోసం ఎదురు చూస్తున్నాను.

రేపో ఎల్లుండో డెలివరీ అని మెసేజ్ వచ్చింది. ఓటీపీ మా అమ్మ ఫోనుకి వస్తుంది, ఆవిడ దాన్ని చదివి చెప్పకముందే కుర్రాడు వెళ్లిపోకుండా చూసుకోండి. సీఈసీ అడాప్టర్ ఇంకా కొనలేదు. మీరు రాగానే ముందు మా ఆవిడ చూసే ఛానల్ ఏదో కనుక్కోండి, కోడి, ప్లెక్స్ లాంటి సినిమా ప్రోగ్రాములు తర్వాత చూసుకుందాం.

ఇట్లు,
హెచ్‌డీఎంఐ రెండో పోర్టు ఖాళీగా పెట్టుకున్న
గృహస్థుడు